పురిటి గది కుంపటి గారికి

మహారాజశ్రీ కుంపటి గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. తమరు క్షేమమేనని తెలుసు. తమరున్న గదిలో మిగతావాళ్ల సంగతి రాద్దామని.

పుష్యమాసం వచ్చింది. మహేంద్రగిరి వైపు నుంచి దిగుతున్న చలికి మా మందస ఊళ్లలో తమకి మళ్లీ పెద్దపీట వేశారు. మంచం కింద తమరు. కిటికీకి పాత దుప్పటి. తలుపు కింద సందులో గోనెసంచి కుక్కి, కాలితో తొక్కి మరీ చూసుకుంది మామ్మ. బాలింతకి గాలి తగలకూడదట. తగల్లేదు లెండి, ఆ పనితనానికి వంక పెట్టలేం.

కట్టెల పొయ్యికి కాస్త సిగ్గుంది. పొగేసి కళ్లు మండిస్తుంది, ఎవరో తిట్టుకుంటూ తలుపు తీస్తారు. తమరలా కాదు. బొగ్గులు కణకణలాడగానే "పొగ పోయింది, లోపల పెట్టీ" అంటారు. నివురు కప్పాక మరీ సాధువంటారు. మూసిన గదిలో గాలి చాలక బొగ్గు అరకొరగా కాలితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుందని, దానికి రంగూ వాసనా ఉండవని చెప్పబోతే, "నేను నలుగుర్ని కన్నానర్రా ఈ గదిలోనే" అని మామ్మ. మన రక్తంలో ఆక్సిజన్‌ని మోసే హిమోగ్లోబిన్‌కి ఆ ఆక్సిజన్ కంటే ఆ వాయువు మీదే 200 రెట్లకు పైగా మోజు. ఒకసారి పట్టుకుందంటే తొందరగా వదలదు.

అర్ధరాత్రి బాలింతకి తలపోటు: నిద్ర చాలక. తోడు పడుకున్న చెల్లికి కళ్లు తిరిగి వాంతి: రాత్రి తిన్న చేపల పులుసు. మామ్మకి కాళ్లు తేలిపోతున్నాయి: వయసు. పసిగుడ్డు పాలు పట్టక మగతగా పడుంది: దిష్టి. ఒకే గదిలో ఒకేసారి నలుగురికి నాలుగు కారణాలు దొరికాయి, తమ పేరు మాత్రం ఎవరి నోటా రాలేదు. పైగా దిష్టి తీసిన ఉప్పూ మిరపకాయలూ తమలోనే వేశారు!

ఆ ఘాటుకి దగ్గలేక అందరూ వాకిట్లోకి పరిగెత్తారు. అరుగు మీద కాసేపు కూర్చునేసరికి తలలు తేలికపడ్డాయి. పేరు మిరపకాయలకొచ్చింది. మళ్లీ లోపలికెళ్లి పడుకోబోతుంటే ఎదురింటి ఆశా కార్యకర్త అడ్డుపడింది. బయటికొస్తే తగ్గి, లోపలికెళ్తే ముదిరే జబ్బు ఒంట్లోది కాదు, గదిలోదే అంది.

రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే ఆక్సీమీటర్ వేలికి తొడిగితే 98, అంతా బాగున్నట్టే. అదీ తమ మనిషే! హిమోగ్లోబిన్ మీద కూర్చున్నది ఆక్సిజనో, ఈ వాయువో దానికి తేడా తెలియదు. ఆవిడ దాన్ని నమ్మలేదు. తలుపులు బార్లా తీయించింది, నిప్పు ఆర్పుతానని లోపలికెళ్లబోయిన బాబాయిని రెక్క పట్టుకు లాగింది, మజ్జిగ తెచ్చినావిడని వెనక్కి పంపింది, 108కి ఫోన్ చేసింది. "గదిలో నిప్పులున్నాయని డాక్టరుకి ముందే చెప్పండి, రక్తం పరీక్ష చేస్తారు" అని మరీ మరీ చెప్పి ఎక్కించింది. మామూలు గాలిలో ఆ విషం సగానికి తగ్గాలంటే నాలుగైదు గంటలు. మాస్కుతో పూర్తి ఆక్సిజన్ పెడితే గంటో గంటన్నరో. తలనొప్పి తగ్గిందిగా, ఆసుపత్రెందుకన్న మామ్మని కూడా ఎక్కించింది.

వచ్చే వారం పక్క వీధిలో పురుడట. తమర్ని అడిగి తీసుకెళ్తారు. వెళ్లండి, పెరట్లో కూర్చుని నీళ్లు కాచిపెట్టండి. గడప లోపలికి రమ్మంటే మాత్రం ఒంట్లో బాగోలేదని చెప్పండి.

ఇట్లు,
ఆ రాత్రి అరుగు మీద దగ్గినవాళ్లలో ఒకడు