బొట్టు పెట్టించుకున్న పాదిరి

అనంతపురం వైపు ఎస్సీ కాలనీల్లోకి వెళ్తే కొన్ని ఇళ్లలో గోడకు ఒక తెల్లాయన ఫొటో కనిపిస్తుంది. నెరిసిన జుట్టు, బక్కపలచని మనిషి. అటు పక్క వెంకటేశ్వరస్వామి, ఇటు పక్క కదిరి నరసింహస్వామి, మధ్యలో ఈయన, అద్దం మీద సరిగ్గా నుదుటి దగ్గర కుంకుమ బొట్టు. ఒకసారి ఒకింట్లో "ఎవరవ్వా ఈయన?" అని తెలియనట్టు అడిగాను. అడగకూడనిది ఏదో అడిగినట్టు చూసి, "మా ఫాదరు గదప్పా, ఇల్లు కట్టిచ్చినాయన" అంది ఆ అవ్వ.

ఆయన విన్సెంట్ ఫెర్రర్. 1920లో బార్సిలోనాలో పుట్టి, 1952లో జెస్యూట్ (ఒక క్యాథలిక్ సన్యాసుల సంఘం) మిషనరీగా ముంబైలో దిగినాయన. క్రీస్తును చాటడానికి ఓడెక్కి వచ్చిన మనిషి నుదుటన చివరికి మన అవ్వ బొట్టు పెట్టింది. మరి ఎవరు ఎవరిని మార్చినట్టు?

విదేశీ క్యాథలిక్ మిషనరీ అన్న మాట వినబడితే చాలు, మన దగ్గర ఫేస్‌బుక్కులోనూ వాట్సాప్‌లోనూ రెండే జట్లు తయారవుతాయి. బియ్యం మూట చూపించి మతం మార్చారని ఒక జట్టు, వాళ్లు మనుషులు కాదు దేవదూతలని ఇంకో జట్టు. ఇద్దరికీ ఒక్కటే పోలిక, అక్కడ ఏం పని జరిగిందో ఎవరూ పోయి చూడరు. నా మటుకు నాకు ఫెర్రర్ కథలో ఆసక్తి మతం దగ్గర లేదు, బావి దగ్గర ఉంది.

జెస్యూట్‌గా మారకముందు ఆయన స్పెయిన్ అంతర్యుద్ధంలో ఓడిపోయిన రిపబ్లికన్ల తరఫున తుపాకీ పట్టిన కుర్రాడు. ఎబ్రో నది దగ్గర 1938లో జరిగిన పెద్ద యుద్ధంలో ఉన్నారు. యుద్ధం ముగిశాక 1944లో జెస్యూట్ల సంఘంలో చేరారు, పుణెలో చదువు ముగించుకుని మహారాష్ట్రలోని మన్మాడ్‌కు వెళ్లారు. కరువు నేల. పాదిరి అంటే బడి పెట్టాలి, గుడి కట్టాలి, మతంలో చేర్చుకునే జ్ఞానస్నానాలు ఇచ్చి ఏడాది చివర లెక్క పంపాలి. ఈయన మాత్రం రైతు దగ్గర కూర్చుని నీకేం కావాలని అడిగారు. రైతుకు కావాల్సింది నీళ్లు.

ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే అసలు తెలివంతా ఇక్కడే ఉంది. పేదరైతుకు బావి తవ్వుకోవాలని తెలియక కాదు. గడ్డపార ఉంది, పార ఉంది, మట్టి మోయడానికి పెళ్లాం పిల్లలు ఉన్నారు. కానీ బావిలో దిగినన్ని రోజులు కూలికి పోవడం కుదరదు, కూలికి పోకపోతే ఆ పూట పొయ్యి వెలగదు. అడుగున రాయి తగిలితే ఇంకో నెల. అందుకే ముప్పై అడుగుల దూరంలో నీళ్లున్నాయని తెలిసినా తరాల తరబడి మేఘం వైపు చూస్తూ కూర్చుంటారు. ఫెర్రర్ చేసిందల్లా ఆ మధ్యలో ఉన్న ఖాళీని పూడ్చడం: నీ బావి నువ్వు తవ్వుకో, తవ్వినన్నాళ్లు ఇంటికి గోధుమలు, నూనె నేనిస్తాను అన్నారు. దాంతోపాటు వడ్డీ లేని అప్పు. దీన్ని దానమంటారా, కూలి అంటారా? తన పొలంలో తన బావికి తనకే కూలి! ఉపాధి హామీ పనులు చూసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు గానీ, ఆ చట్టం రావడానికి దాదాపు అర్ధ శతాబ్దం ముందు ఒక పాదిరికి తట్టిన ఆలోచన ఇది.

బావిలో నీళ్లు పడితే ఊళ్లో పెద్దల మాట చెల్లడం తగ్గుతుంది, అది ఎక్కడైనా అంతే. రైతులు వేలల్లో పాదిరి చుట్టూ చేరేసరికి ఆయన మీద ఫిర్యాదులు పెరిగాయి, దేశం విడిచి పొమ్మని ఉత్తర్వు వచ్చింది. దానికి వ్యతిరేకంగా వేలాది మంది రైతులు మన్మాడ్ నుంచి ముంబై దాకా, దాదాపు 250 కిలోమీటర్లు నడిచారు. చివరికి ఇందిరాగాంధీ జోక్యంతో, కొన్నాళ్లు బయటికెళ్లి మళ్లీ రావచ్చన్నట్టుగా సర్దుబాటు జరిగి 1968లో వెళ్లిపోయారు. 1969లో తిరిగొచ్చి, మన్మాడ్ కాకుండా అనంతపురంలో దిగారు. దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లా అని మనం చిన్నప్పుడు పుస్తకంలో చదువుకున్నామే, ఆ అనంతపురం. తరిమితే వచ్చి పడటానికి ఇంతకన్నా ఎండిన చోటు దొరకలేదేమో అనిపిస్తుంది.

పొమ్మన్నది ప్రభుత్వం, సరే. జెస్యూట్ సంఘంలో కూడా ఆయన పద్ధతితో పొసగలేదు. 1970లో సంఘం నుంచి బయటికొచ్చి, ముంబైలో పాత్రికేయురాలిగా పనిచేస్తూ మన్మాడ్ గొడవప్పుడు పరిచయమైన ఇంగ్లండ్ అమ్మాయి ఆన్ పెర్రీని పెళ్లి చేసుకున్నారు. అప్పటికే పెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్, జనం నోట్లో ఆర్డీటీ, ఇద్దరి పని అయింది. ఈ పెళ్లి విషయాన్ని ఆయన్ను పొగిడేవాళ్లు త్వరగా దాటేస్తారు, తిట్టేవాళ్లు ఎగతాళికి వాడుకుంటారు. నాకైతే మొత్తం కథకు ఇదే కీలు. క్యాథలిక్ సంఘాలకు నాలుగు వందల ఏళ్లుగా అలవాటైన విద్య ఒకటుంది, ఎక్కడో బార్సిలోనాలో అపార్ట్‌మెంట్లో ఉండే గుమస్తా కుటుంబానికి, జన్మలో చూడని ఊళ్లో చూడని పిల్లాడి అన్నం గురించి బాధ్యత పుట్టించడం, ఆ బాధ్యతను నెలనెలా డబ్బుగా మార్చడం, ఆ డబ్బును చివరి ఊరికి చేర్చడం, చేర్చే మనిషి జీవితాంతం అక్కడే పాతుకుపోవడం. ఫెర్రర్ ఈ ఇంజనునంతా ఉంచుకుని జ్ఞానస్నానపు తొట్టి ఒక్కటి తీసి పక్కన పెట్టారు. ఇంజను ఆగలేదు, పైగా ఇంకా బాగా నడిచింది.

ఆయన ఓడ దిగిన 1952లోనే కోల్‌కతాలో మదర్ థెరెసా కాళీఘాట్ దగ్గర చావుకు దగ్గరైన నిరుపేదల కోసం నిర్మల్ హృదయ్ తెరిచారు. ఆ ఇంట్లో సరైన రోగనిర్ధారణ లేదు, గట్టి నొప్పి మందులు లేవు అని 1994లో లాన్సెట్ వైద్య పత్రిక సంపాదకుడు స్వయంగా చూసి రాశాక పెద్ద చర్చే నడిచింది. ఆ విమర్శ న్యాయమైనదనే నేననుకుంటాను, అలాగని ఫుట్‌పాత్ మీద పురుగులు పట్టి పోతున్న మనిషి పక్కన కూర్చోవడానికి కోల్‌కతాలో అప్పుడు ఇంకెవరూ వరసలో నిలబడలేదు కూడా. ఆమె పేదవాడి చావు దగ్గర నిలబడ్డారు, ఈయన బతుకు దగ్గర. ప్రపంచానికి ఎప్పుడూ మొదటిదే ఎక్కువ కనబడుతుంది, ఫొటో బాగా వస్తుంది కాబట్టి. బావి ఫొటో ఎవరు చూస్తారు?

అనంతపురంలో బావులతో మొదలైనది చెక్ డ్యాములకు, ఊటకుంటలకు, డ్రిప్పు పైపులకు, శనక్కాయ ఒక్కటే నమ్ముకోకుండా చీనీ, మామిడి చెట్లకు పాకింది. తర్వాత బడులు, పక్కా ఇళ్లు, కల్యాణదుర్గం, కణేకల్లు, బత్తలపల్లి ఆస్పత్రులు. బత్తలపల్లిలో హెచ్‌ఐవీ రోగులను ముట్టుకునేవాళ్లు లేని రోజుల్లో వాళ్లకు మంచాలు వేశారు, 2020లో అదే ఆస్పత్రి కోవిడ్ ఆస్పత్రి అయింది. ఇప్పుడు మూడు వేలకు పైగా గ్రామాల్లో, శ్రీశైలం అడవిలో చెంచు గూడేల దాకా ఆ సంస్థ పని ఉంది. ఇళ్ల విషయంలో ఒక చిన్న షరతు పెట్టారు, ఇల్లు ఆడమనిషి పేరు మీదే ఉండాలి. తాగొచ్చి బయటికి పో అని అరిచే మొగుడికి "ఇల్లు నాది, నువ్వే పో" అని చెప్పగలిగే కాగితం అది. స్త్రీ సాధికారత మీద మనం పెట్టుకునే సదస్సులన్నీ కలిపినా ఆ కాగితం చేసినంత పని చేశాయా అని నాకు అనుమానం.

ఈ జిల్లాలోనే ఇంకో మాట కూడా చెప్పుకోవాలి, లేకపోతే లెక్క తప్పుతుంది. పుట్టపర్తి సత్యసాయి ట్రస్టు 1990ల మధ్యలో 700కు పైగా గ్రామాలకు తాగునీళ్ల పైపులు వేసింది. ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ఊళ్లకు ఆ కుళాయి ఏమిటో తెలుసు. ఒకరు కాషాయం కట్టిన స్వామి, ఒకరు అంగీ విడిచిన పాదిరి, ఇద్దరూ పట్టుకున్నది నీళ్లనే, ఇద్దరికీ విదేశాల నుంచి డబ్బు వచ్చింది. 2022లో జిల్లాలు విడగొట్టాక బత్తలపల్లి, అక్కడే ఉన్న ఫెర్రర్ సమాధితో సహా, శ్రీసత్యసాయి జిల్లాలోకి వెళ్లింది! ఎవరు రాశారో గానీ మంచి హాస్యమే. వీళ్లిద్దరినీ పక్కపక్కన పెడితే, నీ స్వామా మా ఫాదరా అన్న గొడవ ఎగిరిపోయి వేరే ప్రశ్న మిగులుతుంది: ఇన్ని ఎన్నికల్లో ఇన్ని ఓట్లు వేసిన జిల్లాకు తాగునీరు, సాగునీరు ఇవ్వడానికి ఒక సన్యాసీ ఒక మాజీ సన్యాసీ ఎందుకు కావాల్సి వచ్చారు?

మతమార్పిడి ఆరోపణను కొట్టిపారేయడం నా ఉద్దేశం కాదు. మిషనరీల చరిత్రలో ఆశ చూపి మార్చిన సందర్భాలు ఉన్నాయి. కానీ మన రాష్ట్రాల్లో దళితుడు క్రైస్తవుడిగా నమోదైతే కాగితం మీద ఏం జరుగుతుందో చూడండి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా పోతుంది, బీసీ-సీ కింద ఒక్క శాతం కోటా మిగులుతుంది. అంటే ఆ బియ్యం మూటకు కట్టాల్సిన ధర పిల్లాడి ఉద్యోగం. ఇంత తెలిసీ మారారంటే అవతల వాళ్లకు దొరికింది బియ్యం కాకుండా ఇంకేదో అయి ఉండాలి, బహుశా ఒక బెంచీ మీద పక్కన కూర్చోనివ్వడం. ఆ కూర్చోవడం కూడా పూర్తిగా దొరకలేదు. తెలుగు నేల మీదికి జెస్యూట్లు వచ్చింది 18వ శతాబ్దం మొదట్లో. ఇక్కడి క్యాథలిక్కుల్లో అత్యధికులు దళితులే. వాళ్లలోంచి ఒకరు, హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంథోనీ, దేశంలోనే తొలి దళిత కార్డినల్ (క్యాథలిక్ చర్చిలో పోపు తర్వాతి హోదా) అయ్యేసరికి 2022 వచ్చింది. మూడు వందల ఏళ్లు పైనే పట్టిందన్నమాట. కులం విషయంలో చర్చి ఊళ్లో పెద్దలకంటే మరీ ముందేమీ లేదు.

ఫెర్రర్ పద్ధతిలోనూ నాకు ఇబ్బంది పెట్టే చోటు ఉంది. స్పెయిన్ కుటుంబం ఇక్కడి పిల్లను దత్తత లాంటి పద్ధతిలో ఆదుకుంటుంది, డబ్బు ఊరి పనులకు వెళ్తుంది, పిల్ల ఏడాదికోసారి ఉత్తరం రాయాలి. అలాంటిది ఒకటి చూశాను. పైన ఒక ఇల్లు, కొబ్బరిచెట్టు, కొండల మధ్య సూర్యుడు, కింద తెలుగులో నాలుగు లైన్లు: నేను బాగున్నాను, మీరు బాగున్నారని తలుస్తాను, మా మేక ఈనింది. ఆ మేక సంగతి స్పానిష్‌లోకి ఎలా వెళ్లిందో గానీ, అది చదివి అక్కడ ఎవరో సంతోషపడి ఉంటారు. కానీ ఎనిమిదేళ్ల పిల్ల తన చదువుకు కృతజ్ఞత చెప్పాల్సి రావడం నాకు మింగుడుపడదు. ప్రభుత్వ బడిలో చదివే పిల్ల కలెక్టరుకు ఉత్తరం రాయదు కదా! హక్కుగా రావాల్సింది దయగా వస్తే, ఎంత ప్రేమగా వచ్చినా, తీసుకునేవాడి మెడ కొంచెం వంగుతుంది.

పైగా దయకు పైనుంచి ఒక కుళాయి ఉంటుంది, దాన్ని ఎవరైనా కట్టేయొచ్చు. విదేశీ విరాళాల చట్టం, అదే ఎఫ్‌సీఆర్‌ఏ, కింద అయిదేళ్లకోసారి అనుమతి పునరుద్ధరించుకోవాలి, లేకపోతే బయటి నుంచి ఒక్క రూపాయి తీసుకోకూడదు. 2020 సవరణతో ఢిల్లీలోని ఒకే బ్యాంకు శాఖకు డబ్బు రావాలి, ఆఫీసు ఖర్చు 20 శాతం దాటకూడదు. 2021 క్రిస్మస్ నాడు మదర్ థెరెసా సంస్థకే పునరుద్ధరణ నిరాకరించి, రెండు వారాలు తిరగకముందే మళ్లీ ఇచ్చారు. 2025లో ఆర్డీటీ అనుమతి చిక్కులో పడితే అనంతపురంలో జనం రోడ్డెక్కారు. బయటి డబ్బు మీద ప్రభుత్వానికి నిఘా ఉండకూడదని నేననను, తప్పకుండా ఉండాలి, లెక్కలు అడగాలి. అయితే ఆపేసేముందు ఆ ఆస్పత్రిలో మంచం మీదున్న మనిషిని రేపు ఎక్కడికి పంపుతావో కూడా చెప్పాలి. ఆ రోజు రోడ్డు మీద కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది బొట్లు పెట్టుకున్నవాళ్లే.

2009 జూన్ 19న ఫెర్రర్ పోయారు. ఆ తర్వాత జరిగిన వాటిలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఆస్పత్రో స్టేడియమో కాదు, ఇండియా ఫర్ ఇండియా అని ఆర్డీటీ మొదలుపెట్టిన హుండీలు. ఇల్లు తీసుకున్నవాళ్లు, బావి తీసుకున్నవాళ్లు ఇంట్లో ఒక హుండీ పెట్టుకుని చిల్లర వేస్తారు, ఆ డబ్బు తమకంటే లేనివాళ్లకు పోతుంది. మొదట విన్నప్పుడు ఇదేదో తమాషా అనుకున్నాను, బార్సిలోనా డబ్బుకు ఈ చిల్లర ఏ మూలకు?

ఆ అవ్వ ఇంట్లో ఫొటో కిందే ఉంది అలాంటిది. ఎవరికవ్వా ఇది అంటే "అమ్మానాయనా లేని పిల్లోళ్లకంట" అని, చేతిలోకి తీసుకుని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసుకుంది. సగం నిండిందని చెప్పింది.