పీహెచ్‌డీ సీటు కౌన్సెలింగ్‌లో రాదబ్బా

ఎంఎస్సీ ఫిజిక్స్ అయిపోయిన కావలి, కందుకూరు, ఒంగోలు పిల్లలు మమ్మల్ని తరచూ అడిగేది ఒకటే, నెట్ (జాతీయ అర్హత పరీక్ష) కొట్టాం సార్, ఇప్పుడు పీహెచ్‌డీ సీటు ఎవరిస్తారు అని. ఈఏపీసెట్ (పాత ఎంసెట్) మాదిరి ర్యాంకు, వెబ్ ఆప్షన్లు, అలాట్‌మెంటు ఉంటాయనుకుంటారు, చిన్నప్పట్నించీ మనం అలవాటు చేసింది అదే కదా మరి. ఇక్కడ అట్టాంటిదేం లేదు. జేఆర్‌ఎఫ్, అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ వస్తే నెలకి 37 వేలు, ఎస్‌ఆర్‌ఎఫ్, అంటే సీనియర్ అయ్యాక 42 వేలు, బానే ఉంది, కానీ చేర్చుకునే గైడ్‌నీ (పరిశోధన చేయించే ప్రొఫెసర్‌నీ) ల్యాబ్‌నీ ఎవరికి వాళ్లే వెతుక్కోవాలి.

ఎక్స్‌పెరిమెంటల్ వైపైతే ఇంకో మెలిక ఉంది. గైడ్ దగ్గర ఖాళీ ఉండాలి, ప్రాజెక్టులో డబ్బులుండాలి, ఆయనకి కావాల్సిందేమో వాక్యూమ్ పంపు విప్పి మళ్లీ బిగించగలిగేవాడు, సిగ్నల్‌ని తెరమీద గీతగా చూపే ఆసిలోస్కోప్ చూసి భయపడనివాడు. ఇంటర్వ్యూలో డెరివేషన్ గడగడా అప్పజెప్పినోళ్లు కూడా నీ రీడింగ్‌లో ఎర్రర్ ఎక్కడ్నించి వచ్చింది అంటే నోరెళ్లబెడతారు. ఎందుకు చెప్పలేరంటే, మన కాలేజీల్లో న్యూటన్స్ రింగ్స్ అనే కాంతి ప్రయోగం రీడింగులు చాలావరకు సీనియర్ల రికార్డులోంచే పుడతాయి, సోడియం ల్యాంపు వెలిగి ఎన్నాళ్లయిందో అటెండర్‌ని అడగాల్సిందే. తప్పు పిల్లలది కాదు.

దారులు లేవా అంటే ఉన్నాయి. ముంబైలోని టాటా పరిశోధన సంస్థ టీఐఎఫ్‌ఆర్ సొంత పరీక్ష పెట్టుకుంటుంది, ఇందూరులో లేజర్లు, యాక్సిలరేటర్ల మీద పనిచేసే ఆర్ఆర్‌క్యాట్, గాంధీనగర్‌లో ప్లాస్మా ఇన్‌స్టిట్యూట్ లాంటివి జెస్ట్ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష స్కోరు చూస్తాయి. అంత దూరం ఎందుకులే అంటారా, తిరుపతి అవతల గాదంకిలో వాతావరణ పరిశోధన ల్యాబ్ ఉంది, పైనున్న వాతావరణ పొరల్ని పరిశీలించే 53 మెగాహెర్ట్జ్ ఎంఎస్‌టీ రాడార్ అక్కడిదే, తిరుపతిలోనే ఐఐటీ, ఐసర్ (సైన్సు చదువులు, పరిశోధనల సంస్థ) రెండూ 2015 నించి నడుస్తున్నాయి. శ్రీహరికోట రాకెట్‌ని డాబా ఎక్కి చూసే ఊళ్లు మనవి, గాదంకి పేరు విన్నోళ్లు మాత్రం క్లాసుకి నలుగురుండరేమో. నెట్ రాకపోయినా ప్రాజెక్ట్ అసోసియేట్‌గా దూరి పని నేర్చుకుని, ఆ అనుభవంతో పీహెచ్‌డీకి వెళ్లొచ్చు, ఆ ప్రకటనలు ఆయా సంస్థల వెబ్‌సైట్లలోనే పడతాయి, పేపర్లో వచ్చేదాకా కూర్చుంటే తేదీ అయిపోద్ది. జర్మనీలోనైతే చాలాచోట్ల పీహెచ్‌డీ అంటే ల్యాబ్‌లో జీతం ఉన్న ఉద్యోగమే, పోస్టు పడగానే అప్లై చేయడమే. ప్రొఫెసర్‌కి రెస్పెక్టెడ్ సర్ అని వందమందికి ఒకే మెయిల్ కొడితే జవాబు రాదు, ఆయన పేపరొకటి చదివి మీరేం చేయగలరో నాలుగు లైన్లు రాస్తే చూస్తారు.

ఆడపిల్లల ఇళ్లల్లో ఇంకో ఐదేళ్లా, మరి పెళ్లెప్పుడు అంటున్నారు. ఫెలోషిప్ అంటే ఎదురు డబ్బులిచ్చే చదువని ఆ అమ్మానాన్నలకి లెక్చరర్లే కూర్చోబెట్టి చెప్పాలి.

విక్రమ సింహపురి, ఆంధ్రకేసరి యూనివర్సిటీల్ని మేం అడిగేది పెద్ద కోరికేం కాదు. సాయంత్రాలు కూడా ఎంఎస్సీ ల్యాబులు తెరిచిపెట్టండి, నెట్, జెస్ట్ లాంటి ఈ పరీక్షల తేదీలు నోటీసు బోర్డు మీద ముందే వేయండి, ప్రాక్టికల్స్‌కొచ్చే ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌కి ఫెయిర్ రికార్డు కాదు, కొట్టివేతలున్న రఫ్ నోట్‌బుక్ చూపించమనండి.