రంగం నుంచి మొదలుపెడదాం

(విజయనగరం. ఎం.ఏ. చరిత్రలో ‘ఆసియాలో వలస పాలన’ అనే కొత్త పేపర్‌కి రాసుకున్న సిలబస్‌ను ఒక లెక్చరర్ తనకు పాఠం చెప్పిన మేస్టారికి చూపించింది. మొదటి యూనిట్ పేరు ‘రంగం వలస’. రంగం అంటే ఇక్కడివాళ్ళ నోట బర్మాలోని రంగూన్.)

మేస్టారు: ఆసియా అంటే ఎంతుందమ్మా! జావాలో డచ్చివాళ్ళు, ఇండోచైనాలో ఫ్రెంచివాళ్ళు, కొరియాలో జపాన్‌వాళ్ళు. నువ్వేమో పిల్లల్ని కళింగపట్నంలో ఓడెక్కించి రంగూన్‌లో దింపేశావు.

లెక్చరర్: ‘మా తాత రంగం ఎల్లిపోనాడు’ అనే మాట మన పిల్లలు ఇంట్లో విన్నదే కదండీ.

మేస్టారు: విన్నదే చెప్పడానికి యూనివర్సిటీ ఎందుకు?

లెక్చరర్: మాట విన్నారు, ఎందుకెళ్ళారో వినలేదు. 1802లో ఈస్టిండియా కంపెనీ ఇక్కడి జమీందార్లతో శాశ్వత శిస్తు ఒప్పందం చేసుకుంది. ఆ బరువు చివరికి రైతు నెత్తిన పడింది. అటు ఐరావతి డెల్టాలో అడవులు కొట్టి ఎగుమతికి వరి పండిస్తున్నారు. రంగూన్ మిల్లులకీ రేవుకీ కూలీలు కావాలి. మధ్యలో మేస్త్రీ. అడ్వాన్సు చేతిలో పెట్టి బారువలోనో భీమిలిలోనో ఓడెక్కిస్తాడు, అక్కడ కూలిలోంచి కోసుకుంటాడు. అప్పు తీరేదాకా మనిషి వాడి గుప్పిట్లోనే. ఇది అర్థమైన పిల్లాడికి మలయా తోటల్లోని కంగాణీ గురించి చెప్తే ‘మన మేస్త్రీ లాంటివాడేనా మేడమ్’ అని వాడే అడుగుతాడు. జావాలో 1830 నుంచి ఊరి భూమిలో ఐదో వంతు కాఫీకీ చెరుకుకీ నీలిమందుకీ వదలాలన్న డచ్చి పద్ధతి చెప్తే, మన శిస్తుతో పోల్చి చూస్తాడు. తేదీలు బట్టీపట్టిన పిల్లాడు ఆ ప్రశ్న అడగడు మేస్టారూ.

మేస్టారు: బాగుంది. కానీ నీ కథలో మనవాళ్ళు బాధితులే తప్ప ఇంకేమీ కారు. 1930 మేలో రంగూన్ రేవులో ఏం జరిగింది? కూలి పెంచమని మనవాళ్ళు సమ్మె చేశారు. ఓడల సరుకు దింపించే కంపెనీలు బర్మావాళ్ళని పనిలో పెట్టుకుని, సమ్మె తీరగానే పొమ్మన్నాయి. కొట్లాటల్లో మనవాళ్ళు ఎంతమంది పోయారో! బర్మావాడి కళ్ళకి మనం తెల్లవాడి వెనకాల వచ్చి పని లాక్కున్నవాళ్ళం. మన కోరంగి రేవు పేరు మీద మనల్ని ‘కోరంగీ’ అని పిలిచింది ముద్దుగా కాదు. ఆ బాధ నీ సిలబస్‌లో ఎక్కడుంది?

లెక్చరర్: లేదండీ. అది నా తప్పే, పెడతాను.

మేస్టారు: నయం, బొబ్బిలి నుంచి మొదలుపెట్టలేదు.

లెక్చరర్: పెడితే తప్పేంటండీ? 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగుల్ని మా బొబ్బిలి కోట మీదికి తెచ్చింది మీ విజయనగరం రాజే. మరుసటేడు ఇంగ్లీషువాళ్ళని పిలిచి చందుర్తిలో ఫ్రెంచివాళ్ళని ఓడించిందీ ఆ ఇంటివాళ్ళే.

మేస్టారు: పద్మనాభం యుద్ధం మాటేంటి? 1794లో కంపెనీ సైన్యంతో పోరాడి ప్రాణం విడిచిన రాజుది ఏ ఇల్లు?

లెక్చరర్: ఇంగ్లీషువాళ్ళకి దారిచ్చాక కదండీ ఆ పోరాటం!

మేస్టారు: ప్రాణమిచ్చినవాడిని అంత తేలిగ్గా తీసెయ్యకు.

లెక్చరర్: తియ్యనండీ. రెండూ చెప్తాను.

మేస్టారు: కొరియాకి ఎన్ని క్లాసులు?

లెక్చరర్: రెండు.

మేస్టారు: 1910 నుంచి 1945 దాకా ఒక ఆసియా దేశం ఇంకో ఆసియా దేశాన్ని ఏలితే, రెండే క్లాసులా? వలస పాలకుడంటే తెల్లవాడే అనుకునే పిల్లలకి అది తప్పకుండా తెలియాలమ్మా. నాలుగు పెట్టు.

లెక్చరర్: పెడతాను. కానీ రంగం యూనిట్ తర్వాతే. 1942లో జపాన్ సైన్యం బర్మా మీద పడితే, మనవాళ్ళు పిల్లల్ని ఎత్తుకుని అరకాన్ కొండలెక్కి నడిచొచ్చారు కదా. ఆ సైన్యం అంతకుముందు ఎక్కడ ఏం చేసిందని అడిగి, కొరియాలోకి తీసుకెళ్తాను.