లైసెన్సు చూడండి, టేపు పట్టండి

ఇంగ్లండ్‌లో అద్దెకుండే మన విద్యార్థులు గోడలకు బూజు పడితే కౌన్సిల్‌కు, అంటే అక్కడి స్థానిక పాలక సంస్థకు, ఫిర్యాదు చేయాలని ఒక వ్యాసం చెప్పింది. సరే, కానీ ముందు ఓనర్‌కు ఈమెయిల్ పెట్టండి. ఫోన్లో చెప్పినదానికి ఆధారం ఉండదు. కౌన్సిల్ తనిఖీ సంగతి ఓనర్‌కు ముందే తెలిసిపోవచ్చు. ఆలోపు బూజు మీద తెల్లరంగు పూసేసి, ఎక్కువమందిని కుక్కడానికి వేసిన అదనపు మంచాలు మాయం చేసే ఘనులున్నారు. అందుకే బీరువా జరిపి, వెనక గోడను తేదీ పడేలా ఫొటో తీసి ఉంచుకోండి.

ఒకే కుటుంబం కాని ఐదుగురు గానీ అంతకు మించి గానీ వంటగదో బాత్రూమో పంచుకుంటుంటే ఆ ఇంటిని అద్దెకివ్వడానికి కౌన్సిల్ లైసెన్సు తప్పనిసరి. నలుగురున్నా అడిగే కౌన్సిళ్లున్నాయి. లైసెన్సున్న ఇంట్లో ఒక్కరు పడుకునే గది కనీసం 6.51 చదరపు మీటర్లు, ఇద్దరికైతే 10.22 ఉండాలి. వాలు పైకప్పు కింద ఉండే అటక గదిని కొలిచేటప్పుడు, కప్పు 1.5 మీటర్ల కన్నా కిందికి వాలిన చోటు లెక్కలోకి రాదు. కొందరు ఏజెంట్లు దాన్నీ కలిపే చెబుతారు.

లైసెన్సు లేదని తేలితే కట్టిన అద్దె వెనక్కి ఇప్పించమని ట్రైబ్యునల్‌కు, అంటే ఇలాంటి ఇళ్ల తగాదాలు తేల్చే న్యాయస్థానానికి, వెళ్లొచ్చు. కాస్త తగ్గిస్తామన్నారని చేతికి నగదు ఇస్తే అక్కడ చూపడానికేమీ మిగలదు, బ్యాంకులోనే వేయండి.