తప్పిపోని మంత్రం మంత్రమేనా?

నెల్లూరు దర్గామిట్టలో మా పెద్దమ్మ వాళ్ల మేడ మీద ప్రతి ఆదివారం సాయంత్రం డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడతాం. టేబుల్ చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్రగా, డైస్ వేస్తూ కథ నడిపే ఆట అది. ఆట నడిపే డీఎం అన్న. చెల్లెలిది ఐదో లెవెల్ విజార్డ్, అంటే మంత్రగాడి పాత్ర. పోయిన వారం గుహలో సగం దూరం పోకముందే తన స్పెల్ స్లాట్లు, అంటే రోజుకు ఇన్ని మంత్రాలే అని ఆట ఇచ్చే వాటా, మొత్తం అయిపోయాయి. ఈ ఆట రూల్ పుస్తకాల తర్వాతి ఎడిషన్ ఎప్పుడొచ్చినా అందులో మంత్రాల రూల్ ఎట్టా ఉండాలన్న వాదన అక్కడ మొదలైంది. నాది ఫైటర్ పాత్ర. విన్నది విన్నట్టు రాసిపెట్టాను.

చెల్లెలు: అన్నా, ఈ స్లాట్లు తీసేసి పాయింట్లు పెడితే ఏం పోతుంది? 2014 డీఎం పుస్తకంలోనే ఆ పద్ధతి ఉంది కదా. కావాలనుకున్న వాళ్లు వాడుకోమన్నారు. కొత్త ఎడిషన్‌లో దాన్నే అసలు రూల్ చేస్తారని నాకు ఆశ.

అన్న: లెక్క వేసి చూశావా? ఐదో లెవెల్ విజార్డ్‌కు ఇప్పుడు మూడో లెవెల్ స్లాట్లు రెండే. నిప్పుల బంతి మంత్రం ఫైర్‌బాల్‌కు అవే కావాలి, అంటే ఒక పోరాటంలో రెండే. ఆ పాయింట్ల పద్ధతిలో నీకు 27 పాయింట్లు వస్తాయి, ఫైర్‌బాల్ ఖరీదు 5. ఒకే పోరాటంలో ఐదు వేసేస్తావు. చెరువు కింద పొలం ఉన్నవాళ్లను అడుగు, తూముకు తలుపు లేకపోతే పైమడి వాళ్లు మొదటి రోజే తడుపుకుంటారు. కింద వాళ్లకు బురద కూడా మిగలదు. మన టేబుల్ దగ్గర ఆ కింద మడి ఫైటర్‌దే.

(ఈ మాట నిజం. పాయింట్లతో ఒకసారి ఆడి చూశాం. ఆ రోజు నేను కత్తి తీసేలోపే పోరాటం అయిపోయింది.)

చెల్లెలు: సరే, పాయింట్లు వదిలేస్తా. నాకు మంత్రాలు చాలడం లేదన్నది కూడా కాదు అసలు బాధ. అమెరికా రచయిత జాక్ వాన్స్ కథల్లో మంత్రగాడు మంత్రాన్ని కష్టపడి మెదడులోకి ఎక్కించుకుంటాడు, పలకగానే అది చెరిగిపోతుంది. ఈ ఆట సృష్టికర్తల్లో ఒకడైన గైగాక్స్ 1974లో ఆటలోకి తెచ్చింది ఆ ఊహనే. మొదటి లెవెల్ మంత్రగాడికి రోజుకు ఒక్క మంత్రం. కఠినమే, కానీ దాని వెనక ఒక కారణం ఉంది. ఇప్పుడు? సిద్ధం చేసుకున్న మంత్రాన్ని స్లాట్ ఉన్నంతసేపు మళ్లీ మళ్లీ వేస్తాను. ఏదీ చెరిగిపోదు. కథ పోయింది, లెక్క మిగిలింది. కాగితం మీద ఒక గడి కొట్టేస్తాను, ఫైర్‌బాల్ పేలుతుంది. ఫైటర్ కత్తి దూస్తే తగులుతుందో లేదో డైస్ చెప్పాలి. నా మంత్రం కుదురుతుందా అన్న టెన్షన్ నాకు ఒక్కసారి కూడా లేదు.

అన్న: శత్రువులు తప్పించుకోవడానికి డైస్ వేస్తారు కదా.

చెల్లెలు: వాళ్లు వేస్తారు, నేను కాదు. తప్పించుకున్నా సగం దెబ్బ తగిలే తీరుతుంది.

అన్న: స్లాట్లు తీసేసి చూశారమ్మా. 2008లో నాలుగో ఎడిషన్ అదే చేసింది. ఎప్పుడంటే అప్పుడు వేసేవి, పోరాటానికి ఒకసారి, రోజుకు ఒకసారి. ఫైటర్‌కూ విజార్డ్‌కూ ఒకే అచ్చు. విజార్డ్ ప్రత్యేకత పోయిందని చాలామంది బాధపడ్డారు, 2014లో స్లాట్లు తిరిగొచ్చాయి. 2024 సవరణలో ఒక టర్న్‌లో ఒక్క స్లాటే ఖర్చు పెట్టాలన్నారు. రాసేవాళ్ల చూపు ఇంకా బిగించడం వైపే ఉంది. తర్వాతి ఎడిషన్‌లోనూ స్లాట్లు పోవని నా అంచనా, పోకూడదని నా కోరిక కూడా. భారతమే చూడు. ఇంద్రుడు కర్ణుడికి ఇచ్చిన శక్తి ఆయుధం ఒక్కసారికే. దాన్ని అర్జునుడి కోసం దాచుకున్నాడు. పద్నాలుగో రోజు రాత్రి ఘటోత్కచుడు సైన్యాన్ని తొక్కేస్తుంటే కౌరవులంతా మొత్తుకున్నారు, వాడక తప్పలేదు. ఘటోత్కచుడు పడితే పాండవులు ఏడుస్తుంటే కృష్ణుడు సంతోషించాడు. ఎందుకు? ఆ స్లాట్ ఖర్చయిపోయింది కాబట్టి. వాడాలా, దాచాలా అని చెయ్యి ఆగే ఆ క్షణం కోసమే నేను ఆట నడుపుతున్నాను.

చెల్లెలు: నువ్వే కర్ణుణ్ణి తెచ్చావు కాబట్టి అడుగుతున్నా, పరశురాముడి శాపం మాటేంటి? అవసరమైన వేళకు అస్త్రం గుర్తు రాదు. అశ్వత్థామ? వేయడం తెలుసు, వెనక్కి తీసుకోవడం తెలియదు. అర్జునుడు తీసుకోగలిగాడు. అశ్వత్థామ అస్త్రం పోయి ఉత్తర గర్భం మీద పడింది. మన కథల్లో మంత్రం రావడం వేరు, అది చెప్పిన మాట వినడం వేరు. ఆ రెండోదానికి ఈ ఆటలో రూల్ లేదు. పక్క ఆటల్లో ఉంది. 2012 నాటి డంజన్ క్రాల్ క్లాసిక్స్‌లో మంత్రం వేయాలంటే డైస్ వేయాలి, మరీ తక్కువ పడితే మంత్రగాడి ఒళ్లే వికారమైపోవచ్చు. 2023లో వచ్చిన షాడోడార్క్‌లో స్లాట్లు లేవు. డైస్ గెలిచినంతసేపు వేస్తూనే ఉండొచ్చు, ఓడితే విశ్రాంతి తీసుకునేదాకా ఆ మంత్రం ఉండదు. మరిచిపోవడం మళ్లీ కథలోకి వచ్చింది!

(నా మనసు ఇక్కడ చెల్లెలి వైపు మొగ్గింది.)

అన్న: మరి సంక్రాంతికి కావలి నుంచి వచ్చిన మామయ్య కొడుకు సంగతి? మొదటిసారి ఆడాడు, మొదటి మంత్రం మ్యాజిక్ మిసైల్. గురి తప్పదని రూలే హామీ ఇస్తుంది. తగిలాక లేచి గంతులేశాడు. నీ రూల్ ఉండి, ఇరవై ముఖాల డైస్ మీద మూడే పడి, ఉన్న మంత్రం ఊడిపోయి ఉంటే? మూడు గంటలు గోడకు ఆనుకుని కూర్చునేవాడు. స్నేహితుడు నేల మీద ప్రాణం పోయేలా ఉన్నప్పుడు వైద్యం మంత్రం తప్పితే టేబుల్ అంతా చచ్చిపోతుంది. తప్పని మంత్రాలు కొన్ని ఉండాలి.

చెల్లెలు: వాడు గంతులేసింది నాకూ గుర్తుంది... వాడి దగ్గర ఆ సంతోషం లాక్కోవాలని కాదన్నా నేననేది.

అన్న: అయితే ఇట్టా చేద్దాం. స్లాట్లు ఉన్నంతవరకు మంత్రం తప్పదు. స్లాట్లు అయిపోయాక కూడా వేయాలనుకుంటే అప్పుడు డైస్ వెయ్యి. ఓడితే ఆ రోజుకు ఆ మంత్రం మరిచిపోతావు.

చెల్లెలు: డైస్ మీద ఒకటి పడితే?

అన్న: అశ్వత్థామ గతే. మంత్రం పేలుతుంది, ఎవరి మీదో నీ చేతిలో ఉండదు.

చెల్లెలు: ఎవరి మీదో చెప్పే పట్టిక నేనే రాసుకొస్తా. వచ్చే ఆదివారానికి తెస్తా.

అన్న: రాయి. అందులో నీ పేరు కూడా ఉండాలి.