బండికి కవచం, రైడర్‌కు చెప్పులు

వారాంతపు రాత్రుల్లో హైదరాబాద్ రాయదుర్గం నాలెడ్జ్ సిటీ రోడ్ల మీద ముందు చక్రం గాల్లోకి లేపి దూసుకుపోయే బండ్ల గోల కొత్తదేమీ కాదు. పోలీసులు పట్టుకుంటారు, తల్లిదండ్రులను పిలిపించి మందలిస్తారు, కొన్నాళ్లకు మళ్లీ మొదలవుతుంది. ఈ సరదాతో పాటు మార్కెట్లో ఇంకో సరుకు పెరిగింది. దాని పేరు స్టంట్ కేజ్.

షోరూంలో బిగించి ఇచ్చే క్రాష్ గార్డ్‌కు ఇది పెద్దన్న. ఇంజిన్, రేడియేటర్ నేలకు తగలకుండా రెండు పక్కలా ఇనుప గొట్టాలు, వాటికి నైలాన్ బిళ్లలు ఉంటాయి. వెనక సీటు కింద ఇంకో కడ్డీ ఉంటుంది. బండిని నిట్టనిలువుగా లేపినప్పుడు నేలకు రాసుకుని నిప్పురవ్వలు రాల్చేది అదే. పడటం ఖాయమని తెలిసిన ఆటకు ఇది ఉండాల్సిన సరంజామా. మూసిన మైదానంలో దీన్ని వాడితే మాకు అభ్యంతరం లేదు. రోడ్డు మీదకు తెస్తేనే పేచీ.

కేజ్ ఉంది కదా, ఏమీ కాదులే అన్న ధీమా ప్రమాదకరం. అమెరికాలో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 900 మోటార్‌సైకిల్ ప్రమాదాలను ఘటనా స్థలాలకే వెళ్లి పరిశీలించి, 1981లో నివేదిక ఇచ్చింది. క్రాష్ బార్ల (అంటే క్రాష్ గార్డ్‌ల) వల్ల పాదం, చీలమండ గాయాలు తగ్గినా ఆ మేరకు తొడ, మోకాలు, మోకాలి కింది భాగం గాయాలు పెరుగుతున్నాయని తేల్చింది. నివేదిక పాతది, అది పరిశీలించింది మామూలు బార్లను. అయినా ఇనుము ఇనుమే. నెమ్మదిగా పడినప్పుడు బండికీ నేలకూ మధ్య సందు మిగిలి కాలు నలగకపోవచ్చు, ఆ మేలును కాదనలేం. వేగంలో మాత్రం అదే గొట్టం డివైడర్ అంచుకు తగులుకుంటే బండి పల్టీ కొడుతుంది. పైగా ఇంజిన్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే బోల్టులకే చాలా కేజ్‌లను బిగిస్తారు కాబట్టి దెబ్బ అక్కడికే చేరుతుంది. తెలిసిన వెల్డింగ్ షాపులో పైపులు వంచి అతికించిన కేజ్ సంగతి చెప్పక్కర్లేదు.

కేజ్ ఒంటరిగా రాదు. వెనక పెద్ద స్ప్రాకెట్ (చైను తిరిగే పళ్ల చక్రం), గాలి తగ్గించిన టైరు, వెనక చక్రానికి చేత్తో పట్టే అదనపు బ్రేకు కూడా వస్తాయి. సోమవారం పొద్దున అదే బండి మీద ఇద్దరు కాలేజీకి వెళ్తారు. బండికి అన్ని కిలోల ఇనుము తొడిగిన కుర్రాడి కాళ్లకు చాలాసార్లు చెప్పులే, తలకు ఏమీ ఉండదు. 2022లో హెల్మెట్ లేక దేశంలో 50,029 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క.

చట్టం లేక కాదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 182ఏ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. పట్టుకున్న బండిని వదిలేటప్పుడు పోలీసులు కేజ్ విప్పించి మరీ ఇవ్వాలి. కేజ్‌లు అమ్మేవాళ్లనూ, బిగించేవాళ్లనూ నిలదీయాలి. రీల్స్ పిచ్చితో తిరిగే మైనర్లకు మైదానం ఇచ్చినా రోడ్డే కావాలంటారు. వాళ్ల విషయంలో సెక్షన్ 199ఏ ఉంది. తల్లిదండ్రులకు 25,000 జరిమానా, మూడేళ్ల వరకు జైలు.

నిజంగా నేర్చుకోవాలనుకునే వాళ్ల మాట వేరు. వాళ్లకు ఎక్కడ నేర్చుకోవాలో చెప్పకుండా కేసులు పెట్టుకుంటూ పోతే లాభం లేదు. 2023 ఫిబ్రవరి 11న ‘ఫార్ములా-ఈ’ విద్యుత్ కార్ల రేసు కోసం హుస్సేన్ సాగర్ పక్కన రోడ్లు మూసి ట్రాక్ సిద్ధం చేసిన నగరం ఇది. కంచె వేసిన ఒక కాంక్రీటు మైదానం, గేటు దగ్గర హెల్మెట్, గ్లవ్స్, బూట్ల తనిఖీ, ఒక అంబులెన్సు అలాంటి నగరానికి పెద్ద బరువు కాదు. కేజ్ ఉన్న బండి అక్కడికి ట్రాలీ ఆటోలో రావాలి, ట్రాలీలోనే పోవాలి. స్థలం ఎక్కడో హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ), పోలీసు అధికారులు కూర్చుని వేసవి సెలవుల్లోగా తేల్చాలి.