ఏడడుగుల సెంటర్ దండగేమీ కాదు

2025 జూలైలో లాస్ ఏంజిలిస్ లేకర్స్ జట్టు సెంటర్ (బుట్ట దగ్గర ఆడే పొడగరి) డియాండ్రే ఏటన్‌ను తీసుకున్నప్పటి నుంచీ అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ అభిమానుల మధ్య ఒక వాదన తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: "త్రీ పాయింటర్లు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు; దగ్గరి షాట్‌కు రెండే) వేయలేని పాతరకం సెంటర్‌కు కాలం చెల్లింది. 2015లోనే గోల్డెన్ స్టేట్ వారియర్స్ ఈ సంగతి తేల్చేశారు. మూడు ఎప్పుడూ రెండు కన్నా ఎక్కువే. ప్లేఆఫ్స్‌లో (సీజన్ చివరి నాకౌట్ సిరీస్‌లలో) ఎదుటి జట్టు ఇలాంటివాళ్లను వెతికి మరీ ఆడుకుంటుంది. ఆ డబ్బుతో ఇంకో షూటర్‌ను తెచ్చుకోవాల్సింది."

ముందు 2015 సంగతి. ఫైనల్స్‌లో 2-1తో వెనకబడ్డ వారియర్స్ నాలుగో మ్యాచ్‌లో సెంటర్ ఆండ్రూ బోగట్‌ను పక్కనపెట్టి సెంటర్ కాని ఆండ్రే ఇగ్వోదాలాను దింపారు. వరసగా మూడు గెలిచి టైటిల్ కొట్టారు. ఇంతవరకూ నిజమే. కానీ ఆ సీజన్‌లో 67 మ్యాచ్‌లు గెలిచిన జట్టులో రోజువారీ సెంటర్ ఆ బోగటే. మరుసటి ఏడాది ఫైనల్స్‌లో 3-1 ఆధిక్యంలో ఉండగా ఐదో మ్యాచ్‌లో అతని మోకాలికి దెబ్బ తగిలింది. ఆ మ్యాచ్‌తో కలిపి మూడూ ఓడారు. దానికి అదొక్కటే కారణం అనను, ఐదో మ్యాచ్‌కు డ్రేమండ్ గ్రీన్ సస్పెన్షన్‌లో ఉన్నాడు. అసలు ఆ చిన్న లైనప్ (సెంటర్ లేని ఐదుగురు) నడిచిందే గ్రీన్ వల్ల. ఆరున్నర అడుగుల మనిషి రిమ్ (బుట్ట) దగ్గర అంత కాపలా కాయడం అందరి వల్లా అయ్యే పనా?

2020లో హ్యూస్టన్ రాకెట్స్ సెంటర్ క్లింట్ కపేలాను పంపేసి, ఆరడుగుల ఐదంగుళాల పీజే టకర్‌ను సెంటర్‌గా ఆడించారు. రెండో రౌండ్‌లో లేకర్స్ చేతిలో 4-1తో పోయారు. ఆ సిరీస్‌లో లేకర్స్ కూడా తమ పాతరకం సెంటర్లను తగ్గించేశారు, ఒప్పుకుంటాను. వాళ్లకు సెంటర్‌గానూ ఆడగల పొడగరి ఆంథనీ డేవిస్ ఉన్నాడు మరి.

ఇక "మూడు రెండు కన్నా ఎక్కువ" అన్న లెక్క. 2025 తొలి రౌండ్‌లో మిన్నెసోటా, లేకర్స్ ఐదో మ్యాచ్ (మనకు మేడే సెలవు పొద్దున వచ్చింది) చూసినవాళ్లు ఈ మాట ఎలా అంటున్నారో నాకు అర్థం కాదు. మిన్నెసోటా 47 త్రీలు విసిరి 7 మాత్రమే వేసింది. అయినా 103-96తో గెలిచి సిరీస్ ముగించింది. త్రీ కొట్టడం రాని మిన్నెసోటా సెంటర్ రూడీ గోబేర్ 27 పాయింట్లు, 24 రీబౌండ్లు (తప్పిన షాట్ల బంతులు అందుకోవడం) చేశాడు. డేవిస్‌ను ఇచ్చి గార్డ్ (బంతి నడిపే ఆటగాడు) లూకా డాన్సిచ్‌ను తెచ్చుకున్న లేకర్స్, సెంటర్ మార్క్ విలియమ్స్ కోసం చేసుకున్న ట్రేడ్‌ను (ఆటగాళ్ల మార్పిడిని) వైద్య పరీక్షల తర్వాత రద్దు చేసుకున్నారు. చివరికి ఆరడుగుల ఏడంగుళాల డోరియన్ ఫిన్నీ-స్మిత్‌ను గోబేర్ ముందు నిలబెట్టాల్సి వచ్చింది. నాలుగో మ్యాచ్ రెండో సగమంతా లేకర్స్ కోచ్ జేజే రెడిక్ అతనున్న ఒకే ఐదుగురిని ఆడించాడు. బెంచీ మీద నమ్మకమైన పొడగరి ఒక్కడు ఉంటే ఆ అవసరం వచ్చేది కాదు.

షూటర్‌కు ఖాళీ ఎలా దొరుకుతుందన్నది కూడా ఈ లెక్కలోకి రాదు. సెంటర్ గట్టిగా స్క్రీన్ పెడితే (అడ్డంగా నిలబడితే) గార్డ్‌ను కాస్తున్నవాడు ఇరుక్కుంటాడు. వెంటనే సెంటర్ రిమ్ వైపు దూకుతాడు. అతనికి పైనుంచి బంతి అందకుండా ఆపడానికి మూలలో ఉన్న డిఫెండర్ లోపలికి రావాలి. అక్కడ మూల ఖాళీ. లేకర్స్‌కు రాకముందు డాలస్‌లో డాన్సిచ్ బతికిందే ఈ ఆట మీద. 2024లో డెరెక్ లైవ్లీ, డేనియల్ గాఫర్డ్ అనే ఇద్దరు త్రీలు వేయని సెంటర్లతోనే ఫైనల్స్‌కు వెళ్లాడు. ఆ సీజన్‌లో గాఫర్డ్ వరసగా 33 షాట్లు తప్పకుండా వేశాడు. రికార్డు విల్ట్ చాంబర్లెన్‌ది, 35. అలాంటి గార్డ్ పక్కన ఇంకో షూటర్ కన్నా ఇలాంటి సెంటరే ముందు కావాలి.

ప్లేఆఫ్స్ అభ్యంతరంలో సగం నిజం ఉంది. 2021లో క్లిప్పర్స్‌తో ఆరో మ్యాచ్‌లో, అప్పట్లో గోబేర్ ఆడిన యూటా 25 పాయింట్ల ఆధిక్యం పోగొట్టుకుంది. క్లిప్పర్స్ ఆటగాడు టెరెన్స్ మాన్ 39 కొట్టాడు, నింద గోబేర్ మీద పడింది. బయట గార్డులు దాటించుకుంటుంటే రిమ్‌నూ మూలనూ ఒక్కడే ఎలా కాస్తాడు? అదే గోబేర్ వెనకాల ఉండగా 2023-24లో మిన్నెసోటా లీగ్‌లోనే మేటి డిఫెన్స్ అయింది, డిఫెండింగ్ చాంపియన్ డెన్వర్‌ను ఏడు మ్యాచ్‌ల్లో ఇంటికి పంపింది.

2025 ఫైనల్స్ ఇంకా బాగా చెబుతుంది. ఓక్లహోమా సిటీ అంతకు ముందు ఏడాది సెంటర్ ఐజయా హార్టెన్‌స్టైన్‌కు మూడేళ్లకు 8.7 కోట్ల డాలర్లు ఇచ్చింది. ఇండియానాతో మొదటి మ్యాచ్‌కు అతన్ని మొదటి ఐదుగురిలోంచి తీసేశారు, 111-110తో ఓడారు. 2-1తో వెనకబడ్డాక నాలుగో మ్యాచ్‌లో మళ్లీ పెట్టారు, గెలిచారు, ఆపై టైటిల్. పదేళ్ల కిందట వారియర్స్ ఏ స్థితిలో సెంటర్‌ను తీశారో, సరిగ్గా అదే స్థితిలో వీళ్లు సెంటర్‌ను తెచ్చారు. సెంటర్‌ను నలభై నిమిషాలు ఆడించమని ఎవరూ అడగడం లేదు. పాతిక చాలు.

డబ్బు సంగతికొస్తే, త్రీలు వేస్తూ రిమ్ కూడా కాసే బ్రూక్ లోపెజ్ లాంటివాడు దొరికితే అతనే మేలు, అందులో వాదన లేదు. లీగ్‌లో అలాంటివాళ్లు ఎంతమంది? పోర్ట్‌లాండ్ కాంట్రాక్టు తెంచుకున్నాకే ఏటన్ లేకర్స్‌కు వచ్చాడు, పెద్ద ధర పెట్టి కొన్నదేమీ లేదు. అతని మీద నాకున్న అనుమానం వేరే: 2018లో కొత్త ఆటగాళ్ల ఎంపికలో డాన్సిచ్ కన్నా ముందు, మొట్టమొదటి పిక్‌గా వచ్చినవాడు కొన్ని రాత్రులు కోర్టులో ఉన్నాడా లేడా అన్నట్టు ఆడతాడు. విమర్శించాలనుకుంటే ఆ బద్ధకాన్ని పట్టుకోండి, అతను సెంటర్ కావడాన్ని కాదు.